కప్పు తట్టిన చెయ్యి

గోదావరిఖనిలో ముప్పై నాలుగేళ్లు గని పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టి రిటైరైన నతానియేలు, వికీపీడియాలో ఏ వాక్యం చేర్చబోయినా ముందు వేలి కణుపుతో బల్లను రెండుసార్లు తడతాడు. అందులో రాయడానికి చేరి నెలైంది. పొద్దున్నే టీ గ్లాసుతో కూర్చుని తెరిచేది మాత్రం తను చేసిన మార్పుల పేజీ కాదు, సంధ్యారాణిది. ఆమె మంచిర్యాల టీచరు, అదే వారం చేరింది. ఒకే ముహూర్తానికి గడప తొక్కిన తోడికోడళ్లను చూసినవాళ్లకు ఈ మంట సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మూతపడ్డ తన గని గురించి, “కప్పును కర్రతో తట్టి, మోత విన్నాకే లోపలికి అడుగేసేవారు” అని అతను రాస్తే, అచ్చైన ఆధారం లేదని పాత సభ్యుడొకాయన తీసేశాడు. ఇవాళ అదే సంగతి సంధ్యారాణి చేర్చింది. ఆ పెద్దమనిషే ఆమెను మెచ్చుకుంటూ రెండు ముక్కలు రాశాడు.

“ఈమె ఎన్నడన్న గని దిగిందా?” అన్నాడు భార్యతో.

“దేంట్ల సూసి రాసిందో సూడరాదు, గట్ల గులుగుడెందుకు?” అంది సుసన్నా, బియ్యం ఏరుతూ.

తప్పు దొరుకుతుందన్న ఆశతో ఆధారం మీద నొక్కాడు. పదేళ్ల నాటి దినపత్రిక పేజీ తెరుచుకుంది. గని మూసిన రోజు ఒక కార్మికుడు విలేకరికి చెప్పిన మాటలు, పక్కన ఫొటో. నెత్తిన టోపీ, చేతిలో కర్ర, కింద తన పేరే.

“ఏంది, మల్ల తీసేసిన్రా?”

“లేదు, ఉంచిన్రు.” అలవాటుగా బల్లను తట్టాడు. “నా మాటనే. నేను రాస్తె నిలువలే, గామె రాస్తె నిలిచింది.”