బాటకు వదిలిన మూడు ఫీట్లు

పోయినవి ముందు రాసుకుంటాను. మా ఇంటి ముందు ఖాళీ జాగలోని జామచెట్టు ఒకటి. చలికాలం మా వాకిట్లో పడే పొద్దుటి ఎండ, రెండు గంటలు. మిరపకాయలు ఆరబోసుకునే చోటు, ఒక మంచమంత. ఇంటి ముందుదాకా వచ్చే సిలిండర్ల ఆటో. సాయంత్రాలు ఆడవాళ్లు కూర్చునే బండరాయి, అది ఇప్పుడు ఆ జాగలో లేచిన బిల్డింగు పునాదిలో ఉంది. ఈ ఐదింటి కోసం నేను ఎవరినీ అడగను. జనగామ పెరుగుతోంది. ఊరు పెరిగితే ఇలాంటివి పోతాయి.

నాది సిమెంటు, ఇనుము అమ్మే దుకాణంలో లెక్కలు చూసే పని. చదివింది ఏడో తరగతి. గజాలు, గుంటలు, స్లాబుకు పట్టే సలాకల తూకం చూసి చూసి నేర్చుకున్నాను. గల్లీలో ఎవరు పునాదికి ముగ్గు పోసినా టేపు రెండో కొస నా చేతికే ఇస్తారు.

మా గల్లీలో ఒక పద్ధతి ఉండేది. ఇల్లు కట్టేవాడు తన జాగలోంచి మూడు ఫీట్లు బాటకు వదలాలి. ఎదుటివాడు మూడు వదలాలి. ఆరు ఫీట్ల బాట అవుతుంది. అంతా మాట మీదే. రిజిస్ట్రేషన్‌లో మాత్రం ఆ మూడు ఫీట్లు ఎవరూ తగ్గించి రాయించలేదు. తగ్గిస్తే అమ్మేనాడు గజాలు తగ్గుతాయి కదా. నేల బాటకు ఇచ్చాం, కాగితం మీద మా దగ్గరే ఉంచుకున్నాం. మా ఇంటి కాగితమూ అలాంటిదే.

మా బాపు పోయినప్పుడు ఆ బాటలోనే పాడె వెళ్లింది. ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు. అవ్వ గడపలో నిలబడి మూల తిరిగేదాకా చూసింది. అప్పటి నుంచి ఆమె నన్ను కోరింది ఒక్కటే.

"నన్ను గూడ గట్లనే తీస్కపోవాలె కొడుకా. నలుగురి భుజాల మీద, నా గడపకెళ్లి."

తర్వాత మా ఇంటికీ రోడ్డుకూ నడుమ, బాట పక్కనున్న ముందు జాగ చేతులు మారింది. జఫర్‌గఢ్ దిక్కు పొలం అమ్ముకుని వచ్చిన ఒకాయన కొన్నాడు. చెడ్డమనిషి కాదు. మా అవ్వను అవ్వా అనే పిలిచేవాడు. కింద దుకాణాలకు మడిగెలు, పైన మూడు అంతస్తులు కిరాయికి అనుకున్నాడు. ముగ్గు పోసిన రోజు నేను మూడు ఫీట్లు వదిలి మేకు కొట్టాను. తెల్లారి చూస్తే మేకు జాగ చివరి హద్దు మీద ఉంది.

గల్లీవాళ్లం పోయి నిలబడ్డాం.

"అన్నా, గిది బాట," అన్నాను.

"బాట ఏడున్నదే? నా కాగితం జూడు. చెల్క అమ్మి గజం గజానికి పైసలు గట్టిన. మీకెందుకు ఇడువాలె?"

పక్కన నిలబడ్డ మేస్త్రీ నవ్వాడు. "ఏం లెక్కల సారూ, మోటరుసైకిల్ వోతది, మనిషి వోతడు. పాడెకు గూడ కొలత వట్టినవా ఏంది?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేను కొలత పట్టే ఉన్నాను. పాడె రెండు ఫీట్లు, రెండు పక్కల మనుషులు, కలిపి నాలుగున్నర. అవ్వ గడపలోంచి వింటోంది.

మునిసిపల్ ఆఫీసుకు వెళ్లాం. అక్కడి ఉద్యోగి మా ఐదిళ్ల కాగితాలు పక్కపక్కన పరిచి చాలాసేపు చూశాడు.

"వీటి ప్రకారం మీ గల్లీలో బాటే లేదు. ముందు మీరంతా మీ మీ మూడు ఫీట్లు బాటకు రాసియ్యండి. అప్పుడు ఆయన్ను అడుగుదాం," అన్నాడు.

ఇల్లు అవ్వ పేరు మీద ఉంది. ఆ సాయంత్రమే ఆమె వేలిముద్ర వేసింది. కాగితం పట్టుకుని తక్కిన నాలుగిళ్లకు వెళ్లాను.

"ఇయ్యాల రాసిస్త, రేపు నేను మీదికి లేపుదామంటే జాగ సాలదంటరు. నాకూ ఇంకో రెండంతస్తులు ఏసుకునేదున్నది గదనే," అన్నాడు బాటకు అవతలి పక్కనున్న టైలర్.

వెనుకింటి అక్క తలుపు సగమే తీసింది. "మానుకోటల మా తమ్ముడు గిట్లనే సంతకం వెట్టి ఇప్పుడు ఏడుస్తుండు. జర నన్ను ఇడువు తమ్మీ."

మిగతా ఇద్దరూ చూద్దామన్నారు. కాగితం మీద ఒక్క వేలిముద్రే మిగిలింది. గోడ లేచింది, బాటకు మూడు ఫీట్లే మిగిలాయి.

మొన్నటి చలికాలం అవ్వ పోయింది. భూపాలపల్లి నుంచి చెల్లె వచ్చాక పాడె లేపాం. నలుగురం భుజాలకెత్తుకుని గడప దాటాం. బాట మొదట్లోనే ఆగిపోయాం.

"జర పక్కకు వంచుదాం," అన్నారు ఎవరో.

"వంచకుర్రి! మా అవ్వ పడ్తది," అని చెల్లె అరిచింది.

చివరికి ఇద్దరం పక్కకు తప్పుకున్నాం. ముందొకరు, వెనుకొకరు కర్రలు చేతుల్లో పట్టుకుని, ఇల్లు మారేటప్పుడు మంచాన్ని మోసినట్టు నడుము ఎత్తున మోసుకెళ్లారు. అగ్గికుండ ఇంకా నా చేతికి ఇవ్వలేదు, నేను ఖాళీ చేతులతో వెనుక నడిచాను. గోడ పొడవునా అంతే. రోడ్డు మీదికి వచ్చాక మళ్లీ భుజాలకెత్తారు.

ముందింటాయన మడిగెల షట్టర్లు దించి నిలబడి ఉన్నాడు. పాడె అలా చేతుల్లో రావడం చూసి తన గోడ వైపు తిరిగాడు. కాసేపటికి వచ్చి ఒక కొస కింద భుజం పెట్టాడు. భుజం పెట్టేవాణ్ణి వద్దనకూడదు.

దినాలయ్యాక మా వాకిట్లోకి వచ్చాడు.

"గింత ఇరుకైతదనుకోలే అన్నా. మనసున వడ్తలేదు. ఎంతనో జెప్పు, ఇచ్చేస్త."

"పైసలు గాదన్నా."

"మరి గోడ ఎట్ల తియ్యాలె? మూడంతస్తులు నిలవడ్డయి దాని మీద."

చెల్లె చాయ్ తెచ్చింది, తాగి వెళ్లిపోయాడు.

ఆ గోడ పొడవు నలభై రెండు ఫీట్లు. బాటకు రావలసిన వెడల్పు మూడు. గుణిస్తే నూట ఇరవై ఆరు, గజాల్లోకి మారిస్తే పద్నాలుగు. మా అవ్వకు ఈ రోజుకీ రావలసింది పద్నాలుగు గజాలు.