రాట్‌హౌస్ గురించి నేను రాయని వాక్యం

మావయ్య పోయిన సంగతి నాకు మూడు రోజులు ఆలస్యంగా తెలిసింది. బర్మాలో సైన్యం ఊరేగింపుల మీద కాల్పులు మొదలుపెట్టాక, విలేకరుల ఇళ్ళు వెతుకుతున్నారని విని, మా పేట తామ్వే వదిలి నది అవతల తన్లిన్‌లో ఒక స్నేహితుడి ఇంట్లో ఉంటున్నాను. ఆ వారం ఇంటర్నెట్ లేదు. వంతెన మీద బస్సులు ఆపి సంచులు వెతుకుతున్నారు. మామూలు ఫోను కలిసిన రోజున ఆయన కూతురు చెప్పింది. ఆమెను నేను అక్క అంటాను.

"నాన్న మంగళారం ఎల్లిపోనాడు తమ్ముడా. గుండె. నీకు ఫోను సేసినాం, తగల్లేదు."

అప్పటికే అన్నీ అయిపోయాయి.

మాకు రక్తసంబంధం లేదు. తామ్వేలో మా మేడలో మా ఎదురు గుమ్మం ఆయనది. మా తాతలాగే వాళ్ళ తాత కూడా శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చినవాడు. మావయ్య రేవులో బియ్యం గోడౌన్ చూసేవారు. అసలు పని ఎలుకలతో. బోన్లు పెట్టడం, కన్నాలు పూడ్చడం, ఏ బస్తా కొరికాయో రిజిస్టర్లో రాయడం. ఎవరింటికి వెళ్ళినా ముందు గది మూలలు చూసి తర్వాత కూర్చునేవారు. "నడుమున ఏదీ దాగదురా. మూల సూడు," అనేవారు.

దేశం తలుపులు మూసుకుని ఉన్న ఏళ్ళలో, బియ్యం కోసం వచ్చిన ఓడలోని ఒక జర్మన్ నావికుడు ఆయనకు చిన్న పుస్తకం ఒకటి ఇచ్చాడు. తన సొంత ఊరు చూడవచ్చే వాళ్ళ కోసం వేసిన బొమ్మల పుస్తకం. నది, గుట్ట మీద కోట, కర్ర చట్రాల ఇళ్ళు, నీటి మర, ఊరికి దూరంగా ఒక గుహ, చివర పటం. మావయ్యకు జర్మన్ రాదు. పటంలో అన్నిటికన్నా పెద్ద కట్టడం మీద 'రాట్‌హౌస్' అని ఉంది. రిజిస్టర్లో రోజూ ఎలుకను ఇంగ్లీషులో 'రాట్' అని రాసే మనిషి దాన్ని ఇంకెలా చదువుతాడు?

"మనం ఎలకని సంపుతాం. ఆలు దానికి ఇల్లు కట్టినారు," అని మా పిల్లలకు చెప్పేవారు. "గడియారం కూడా ఎట్టినారు, సూడండి. ఏళకి తిండి దొరికితే ఎలక బియ్యం జోలికి రాదు. ఈ ఇసయం ఆలకి తెలుసు, మా ఆఫీసరికి తెల్దు."

ఆదివారం పొద్దున మేడలోని పిల్లలమంతా మెట్ల మీద చేరేవాళ్ళం. ఆయన పటం పట్టుకుని ముందు నడిచేవారు. కింది గుమ్మం నది. మొదటి అంతస్తు రాట్‌హౌస్. అక్కడ ఎలుకలు పడుకుని ఉంటాయి, చప్పుడు చేయకూడదు. ఆరో అంతస్తు కోట. గుహ చూడాలంటే మళ్ళీ దిగి నీళ్ళ తొట్టి వెనక్కి దూరాలి. ఎవరైనా ఆయాసపడితే, "ఓడెక్కకండా జర్మనీ సూస్తన్నావు, నడవడానికేటి రోగం?" అనేవారు. మా మేడలో పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. మేం మాత్రం వారం వారం వెళ్ళివచ్చేవాళ్ళం.

చాలా ఏళ్ళకు తలుపులు కొంచెం తెరుచుకున్నాయి. నేను అప్పటికే పత్రికలో పాతకాపును. నెల రోజుల శిక్షణకు నన్ను జర్మనీ పంపారు. మావయ్య ఒకటే పని అప్పగించారు.

"రాట్‌హౌస్ లోపలికెల్లు. ఆటికేటి ఎడతారో అడుగు. సిగ్గుపడకు, ఇలేకరివి కదా."

ఒక శుక్రవారం సెలవు పెట్టి, రెండు రైళ్ళు మారి ఆ ఊరు చేరాను. స్టేషన్‌లో ఎవరినీ దారి అడగలేదు. నది ఆయన చెప్పిన చోటే ఎడమకు తిరిగింది. వంతెన దాటితే కర్ర చట్రాల ఇళ్ళు. నీటి మర తిరగడం లేదు, అందులో కాఫీ అమ్ముతున్నారు. కోట మెట్లు మా మేడ మూడుసార్లు ఎక్కినంత ఉంటాయని ఆయన అంచనా. లెక్కపెట్టాను, దాదాపు సరిపోయాయి. గుహకు బస్సులో వెళ్ళి, చలికి వణుకుతూ చూసి వచ్చాను. చివరికి రాట్‌హౌస్ లోపలికి వెళ్ళి, కౌంటర్ దగ్గరున్న ఆవిడను అడిగాను. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. వాళ్ళ భాషలో రాట్ అంటే సభ. అది పురపాలక కార్యాలయం.

తిరిగి వచ్చాక మా పత్రికలో బర్మీస్‌లో అరపేజీ యాత్రా వ్యాసం రాశాను. పురపాలక భవనాన్ని ఎలుకల ఇల్లనుకున్న తామ్వే ముసలాయనతో మొదలుపెట్టాను. పేరు రాయలేదు. మా వీధికి పేరు అక్కర్లేదు. బర్మాలో పెద్దవాళ్ళ పేరు ముందు గౌరవంగా 'ఊ' చేరుస్తారు. ఎలుకను 'చ్వెట్' అంటారు. వారం తిరగకుండా టీ దుకాణంలో ఆయన 'ఊ చ్వెట్' అయ్యారు. "ఊ చ్వెట్ గారూ, మీ ఇంట్లోవాళ్ళు టీ తాగుతారా?" అని ఒకడు అనగా నేనే విన్నాను. నేనూ నవ్వాను.

ఆయన వ్యాసం చదివి, కాగితం మడిచి నాకే ఇచ్చారు.

"అడిగినప్పుడు ఆవిడికి నా పేరు సెప్పినావా?"

"లేదు మావయ్యా."

"మంచి పని సేసినావు. నిజఁవే రాసినావు, తప్పేటుంది."

తర్వాత ఆయన టీ దుకాణానికి రాలేదు. ఆదివారం మెట్ల మీద ఇప్పటి పిల్లలు ఆయన కోసం కాసేపు చూసి ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. ఆయన సరిగ్గా చెప్పినవి ఎన్నో ఉన్నాయి. ఆయన తప్పుగా చెప్పిన ఒక్కదానితో నేను వ్యాసం మొదలుపెట్టాను.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. కౌంటర్ దగ్గర ఆవిడ నవ్వు ఆగాక ఇంకో మాట చెప్పింది. పాతకాలంలో ఆ భవనం కింది భాగంలో ఊరి ధాన్యం నిలవ చేసేవారట. ఎలుకలు పట్టడానికి ఊరే ఒక మనిషిని పెట్టి, అటక మీద గది ఇచ్చిందట. అంటే మావయ్య లాంటి మనిషి ఒకడు ఆ ఇంట్లోనే ఉండేవాడు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను. వ్యాసంలో పెడితే హాస్యం చెడుతుందని కొట్టేశాను. నిజాలు రాస్తానని పేరున్నవాణ్ణి. ఆ వాక్యం నిజమని తెలిసే కొట్టేశాను.

ఆయనకైనా చెప్పి ఉండాల్సింది. మొదట మొహం చెల్లలేదు. తర్వాత గొడవలు వచ్చాయి. తన్లిన్ నుంచి ఒకసారి ఫోను బాగానే కలిసింది. ఐదు నిమిషాలు మాట్లాడారు. బియ్యం దొరుకుతున్నాయా, ఎవరింట్లో ఉన్నావు, మూలలు చూశావా అని అడిగారు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా చెబితే ఆ ముఖం చూడొచ్చు కదా అని ఆగాను. అదీ నా కోసమే.

బస్సులు తిరిగాక తామ్వే వెళ్ళాను. అక్క గుమ్మంలోనే చెప్పింది. వీధిలో సైనికుల బండ్లు తిరిగే రోజుల్లో పిల్లలు బయటికి పోకుండా నాన్న మళ్ళీ మెట్ల మీద ఊరు చూపించాడట.

"ఎలకల ఇల్లు అన్లేదు తమ్ముడా. మునిసిపల్ ఆఫీసు అన్నాడు. 'మన ఇలేకరి ఎల్లి సూసొచ్చినాడు, ఆడు అబద్దం రాయడు,' అనీవోడు. ఒక గుంట మరి ఎలకలెక్కడుంటాయి తాతా అనడిగింది. 'అది ఆడు రాయలేదు, వచ్చినాక అడుగుదాం,' అన్నాడు."

అడిగిన గుంట మెట్ల మీదే ఉంది. పై అంతస్తు వాళ్ళ అమ్మాయి, నాలుగేళ్ళుంటాయి. పక్కన కూర్చుని చెప్పాను. కింద ధాన్యం ఉండేదని, ఎలుకలు అక్కడికే వచ్చేవని, పట్టే ఆయన పైన అటక మీద ఉండేవాడని. సగం తెలుగు, సగం బర్మీస్. నోరు తెరుచుకుని విన్నది. వినగానే లేచి మావయ్య గదిలోకి పరిగెత్తింది.

"తాతా, పైన ఒకాయన ఉండీవోడట," అని మంచం వైపు చూసి గట్టిగా చెప్పింది. పక్క ఎత్తేసిన మంచం అది. రెండు చేతులూ దాని పట్టె మీద ఆనించి, ఆయన ఏమంటారో అని నిలబడింది.