పటం వెనక వాగ్దానం

మొన్న పిల్లి గోడ మీదికి ఎగబాకి మా పెళ్ళి పటాన్ని పడేసింది. అద్దం పగిలింది. రేపల్లె బజారులో పటాలు కట్టే అతని దగ్గరికి పట్టుకెళ్తే వెనక అట్ట ఊడదీసి, "మామ్మా, ఇందులో ఏదో కార్డుందండి. కావాలా, పారెయ్యనా?" అన్నాడు. మూల ఒకటి చెమటకు చివికిపోయిన ఆ కార్డును చూడగానే గుర్తుపట్టాను. అది వాగ్దానం కార్డు. కొత్త సంవత్సరం ఆరాధనలో ఇలాంటివి పళ్ళెంలో బోర్లించి పెడతారు. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. దాని మీది వాక్యం ఆ యేడాదికి మనది. నాకు అక్షరాలు వచ్చాక ఆ కార్డును నేను చూడనే లేదు. కొట్లోనే నిలబడి వేలు పెట్టి కూడబలుక్కున్నాను. లోకంలో మీకు శ్రమ కలుగుతుంది, అయినా ధైర్యం తెచ్చుకోండి అని ఉంది. మళ్ళీ చదివాను. అదే ఉంది. కార్డు తీసిన రోజు నాకు చదివి వినిపించింది మాత్రం ఇది కాదు.

అప్పట్లో నేను వేలిముద్ర మనిషిని. ఎండుచేపల గంపతో రైలెక్కి తెనాలిలో అమ్ముకొచ్చేదాన్ని. ఆ గంపతో ఒక సుఖం ఉండేది, పెట్టెలో ఎంత రద్దీ ఉన్నా నా చుట్టూ చోటు దొరికేది. ఆ కొత్త సంవత్సరానికి మా అమ్మను మట్టి చేసి నెల కూడా కాలేదు. తీసిన కార్డును పాస్టరమ్మగారి చేతిలో పెట్టాను. ఆవిడ చూసి, నా మొహం చూసి, "నువ్వు నీళ్ళలో పడి వెళ్ళేటప్పుడు నేను నీకు తోడుంటాను" అని చదివింది. మా ఆయనది సముద్రం మీద బోటు పని. దేవుడు మా ఇంటి సంగతి తెలిసే పంపాడనుకుని కార్డును రవికెలో దాచుకున్నాను.

ఆ యేడు వానలు వెనకపట్టే వేళకు వాయుగుండం పట్టింది. మా ఆయన ఎక్కిన బోటు తిరిగి రాలేదు. తొమ్మిది రోజులు హార్బరులోనే ఉన్నాను. సముద్రాన్ని చూసి చూసి కళ్ళలో ఇసుక పోసినట్టుండేది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. కార్డును పిడికిట్లో పెట్టుకుని వలల కుప్ప మీద పడి నిద్రపోయేదాన్ని. మా ఆడపడుచు ఊరుకుంటుందా?

"మొగుడు నీళ్ళలో ఉంటే దీనికి నిద్రెట్టా పడతందో చూడండమ్మా! అది గుండా, బండరాయా?"

"తోడుంటానన్నవాడు మేలుకునే ఉంటాడ్లే వదినా. నన్ను పడుకోనియ్యి."

తొమ్మిదో రోజున, ఇంజను చచ్చి కొట్టుకుపోయిన బోటును వేరే బోటువాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు. మా ఆయన దిగి, నన్ను చూసి, "అన్నముందా?" అన్నాడు. అంతే. ఆ కార్డును పటం వెనక దాచింది ఆయనే. యాభై దాటాక చర్చి అరుగు మీద పాస్టరమ్మగారే నాకు అక్షరాలు దిద్దించింది. "ఆ కార్డు ఒకసారి తెచ్చి చదవకూడదూ?" అని రెండుసార్లు అడిగింది కూడా. "నోటికొచ్చిందేగా, మళ్ళీ చదివేదేంటండి" అన్నాను.

ఇప్పుడు చదివాక రెండు రోజులు ప్రార్థన కుదరలేదు. ఎన్నో యేళ్ళకు మా ఆయన కాలం చేసినప్పుడూ, అంతకుముందూ, తర్వాతా ఆ మాట మీదే తల పెట్టుకుని పడుకున్నాను. అదంతా అబద్ధం మీద పట్టిన నిద్రేనా? ఉండబట్టలేక తెనాలి వెళ్ళి, రైలు మారి, బాపట్లలో దిగాను. పాస్టరమ్మగారు అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. చూపు పోయింది.

"ఎవరూ?"

"ఎండుచేపలమ్మేదాన్నండి."

"వాసన రావట్లేదే!"

"మానేసి చాన్నాళ్ళయిందండి. అమ్మగారూ, నా కార్డు మీరు తప్పు చదివారు. ఎందుకండి?"

ఆవిడ తడుముకుంటూ నా చేతిని పట్టుకుంది. "తప్పు చదవలేదమ్మా, నాది చదివాను. నీళ్ళ మాట ఆ రోజు నా కార్డు మీదుంది. అమ్మను మట్టి చేసొచ్చినదానికి మళ్ళీ శ్రమ అని ఎట్టా చదవను? నా వాక్యం నీకిచ్చి, నీ వాక్యం నేనుంచుకున్నా."

అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ళాయన పాస్టరుగారు పక్షవాతంతో మంచం పట్టింది ఆ యేడే. నా బోటు గొడవలో నేను ఒక్కసారి కూడా పలకరించలేదు.

"మరి మీకు నిద్రెట్టా పట్టిందండి?"

"పట్టలేదు. ఒకనాడు నిన్ను ఓదారుద్దామని హార్బరుకొచ్చాను. నువ్వు వలల మీద గురక పెడతన్నావు. కాసేపు నిలబడి చూసి, ఇంటికెళ్ళి నేనూ పడుకున్నా."

ఆ రెండు మాటలూ ఎక్కడున్నాయో చెప్పి, బల్ల మీదున్న తన బైబిలు తీసి చదవమంది. ముందు నా కార్డు మీది మాట, తర్వాత ఆవిడది, వేలు పెట్టుకుని నెమ్మదిగా చదివాను. రెండోది పూర్తయ్యేలోపే ఆవిడ కుర్చీలో కునుకు తీసింది. రైలు వేళ దాటిపోతున్నా లేవబుద్ధి కాలేదు. నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎవరి మాట ఎవరిని మోసుకొచ్చిందో కాలం దాచిపెట్టి చెబుతుంది. అది చెప్పేసరికి మనం వినడానికి ఇంకా ఉండటమే దయ.