హాల్లో ముప్పై ఎనిమిది మంది

"హాల్లో ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. ఒక్కరి ఒంటి మీదా నూలుపోగు లేదు. నేనెక్కడ కూర్చుని కాఫీ తాగాలి?"

"వంటింట్లో తాగండి. వాళ్ళేం మిమ్మల్ని చూడట్లేదు, వాళ్ళకి కళ్ళే లేవు."

"నాకున్నాయిగా."

"ఉంటే మూసుకోండి. ఈ వయసులో ఇంకా ఆ చూపులేంటి?"

ఈ ముచ్చట మూడో అంతస్తు తలుపు దాటి, మెట్ల మీదుగా కింద గేటు దాకా వినబడుతోంది. పైకి వస్తున్న ఆ ఇంటావిడ అన్నకొడుకు రెండో అంతస్తులోనే ఆగిపోయాడు. మొగుడూపెళ్ళాల మధ్య దూరడం మర్యాద కాదని కాదు, ఇంకాస్త వినాలని. ఆ అంతస్తు ఆవిడ కూడా తలుపు ఓరగా తెరిచి, చేతిలో చీపురు కదలకుండా పట్టుకుని, ఊడుస్తున్నట్టు నిలబడి ఉంది.

లోపల దబాయిస్తున్నావిడ అతని మేనత్త. వేలం గోదాముల దగ్గర ఆమెని లాటక్క అంటారు. మూతపడ్డ దుకాణాల సరుకు, జనం వాపసిచ్చిన సరుకు, లారీలో తడిసిన పెట్టెల సరుకు లాట్లు లాట్లుగా వేలానికొస్తే, పాట పాడి కొనుక్కొచ్చి, విడివిడిగా ఇంటర్నెట్లో అమ్ముతుంది. అవతల గింజుకుంటున్నాయన ఆమె మొగుడు, డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. పక్క సీట్లో కూర్చుని, స్టీరింగు ముట్టుకోకుండా, కాలి కిందున్న రెండో బ్రేకు తొక్కడం ఆయన ఉద్యోగం. ఇంట్లోనూ ముప్పై ఏళ్ళుగా అదే తొక్కుతున్నాడు. బండి మాత్రం ఇంతవరకూ ఆగలేదు.

లాటక్క మొదట్నుంచీ వేలాల మనిషి కాదు. నాలుగంతస్తుల పెద్ద దుకాణంలో వాపసుల కౌంటర్లో పంతొమ్మిదేళ్ళు కూర్చుంది. మిగతా కౌంటర్లకి జనం నవ్వుతూ వస్తారు, ఆ ఒక్కదానికి మాత్రం మొహం మాడ్చుకుని వస్తారు. వానాకాలమంతా వాడిన గొడుగుని ఎండలు రాగానే పట్టుకొచ్చి, రంగు నచ్చలేదన్న పెద్దమనిషిని ఆమె చూసింది. ఇస్త్రీపెట్టెకి అంటుకున్న మాడు గుడ్డ తన లాగు రంగులోనే ఉన్నా, కొన్నప్పుడే ఇలా ఉందని ఒట్టేసినవాణ్ణీ చూసింది. బిల్లు పట్టుకున్న వేళ్ళని చూసి అబద్ధాన్ని పసిగట్టేది. పట్టినా నోరు విప్పేది కాదు. కంపెనీవాడి సొమ్ముకి తన నోరెందుకు పారేసుకోవడం? పంతొమ్మిదేళ్ళలో ఆమెకి థాంక్స్ చెప్పినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. అందులో ఒకడు వేరే కౌంటరనుకుని వచ్చాడు.

చివరికి ఆ దుకాణం దివాలా తీసింది. ఆఖరి వారంలో ఆమె కూర్చున్న కుర్చీతో సహా అన్నీ వేలం వేశారు. తను వాపసు తీసుకున్న అరవై మిక్సీలు ఒకే లాటుగా రావడం చూసి లాటక్క చెయ్యెత్తింది. వాటిలో నలభై నిక్షేపంగా ఉన్నాయని ఆ హాల్లో ఆమెకొక్కదానికే తెలుసు. మూత సరిగ్గా తిప్పడం చేతకాక జనం వెనక్కిచ్చేసినవి అవి.

అక్కణ్ణుంచి ఆమె వెనక్కి చూసుకోలేదు. హాలూ వెనక్కి చూసుకునే వీలు లేకుండా నిండిపోయింది. పెట్టె విప్పకుండానే లోపలి సంగతి చెప్పడం ఆమె విద్య. టేపు మీద టేపు ఉంటే అది ఒకసారి ఎవరింటికో వెళ్ళొచ్చిన సరుకు. ఊపితే గలగలమంటే వదిలెయ్యాలి, గుడుగుడుమంటే కొనొచ్చు. తడి పట్టిందో లేదో ముక్కు ఆనించి చెప్పేస్తుంది. ఆమె ముక్కు ఆనించిన పెట్టెకి పాట పెరిగిపోతోందని తెలిశాక, అక్కర్లేని పెట్టెల్ని కూడా నాలుగింటిని గాఢంగా వాసన చూసి పోవడం మొదలుపెట్టింది. వాటిని మిగతావాళ్ళు ఎగబడి కొనుక్కునేవాళ్ళు.

కొనేటప్పుడు ఇన్ని వేషాలు వేసే మనిషి అమ్మేటప్పుడు మాత్రం సత్తెకాలపు మనిషి. లోపం ముందు చెప్పాలి, మంచి తర్వాత చెప్పాలి. "ఈ ఫ్యాను తిరుగుతుంది, గాలి కూడా వస్తుంది, కానీ మూడో నంబరులో ముసలాడిలా మూలుగుతుంది" అని ఆమె చెబితే, కాలేజీ మధ్యలో వదిలేసిన అన్నకొడుకు అలాగే టైపు చేసి పెడతాడు. కాలేజీ వాడికి నేర్పిందల్లా ఆ టైపింగే. కొన్నవాళ్ళు ఆమె దుకాణం పేజీలో మెచ్చుకుంటూ రాసేవాళ్ళు. ఎక్కువమంది రాసేది ఒక్కటే ముక్క: "చెప్పినట్టే వచ్చింది." అలాంటివి పంతొమ్మిది వందల పైచిలుకున్నాయి. లాటక్క రోజూ పొద్దున్నే వాటిని పేపరు చదివినట్టు చదువుతుంది. మొహం తెలియని అంతమంది తనని నమ్మారన్నది ఆమె దగ్గరున్న ఒకే ఒక్క నగ.

ఇక అరవై ఒకటో నంబరు లాటు సంగతి. బట్టల దుకాణం ఒకటి మూతపడింది. సరుకు చూసుకొమ్మని ఇచ్చిన రోజున లాటక్క గోదాములోకి వెళ్తే, ముప్పై ఎనిమిది నిలువెత్తు బొమ్మలు కొత్త కోట్లు తొడుక్కుని వరసగా నిలబడి ఉన్నాయి. బొమ్మల మెడలో అరవై ఒకటి అని చీటీ. ఆమె ముప్పై ఎనిమిది కోట్ల జిప్పులూ పైకీ కిందకీ లాగి చూసింది. అస్తరు తిరగేసి కుట్టు చూసింది. జేబుల్లో చెయ్యి పెట్టి చిల్లులు వెతికింది. ఒక్క లోపం కనబడలేదు. మర్నాడు ఫోన్లో పాట పాడి లాటు తనే గెలిచింది. అంత తేలిగ్గా ఎలా వచ్చిందా అని కూడా అనుకోలేదు. తన తెలివికి మురిసిపోవడంలో తీరిక లేకపోయింది.

సరుకు తెచ్చుకుందామని వెళ్తే, గోదాము కుర్రాళ్ళు బొమ్మల బట్టలు ఊడదీసి, చేతులు పీకి మూడు గోతాల్లో వేసి, మొండేలని గోడకి ఆనించారు. ఆమె కేకలేస్తే గుమాస్తా ఫోన్లో జాబితా తెరిచి చూపించాడు. అరవై ఒకటి: ప్రదర్శన బొమ్మలు. కింద మొదటి వరసలో ఎత్తు, రెండో వరసలో రంగు, మూడో వరసలో చేతులు ఊడి వస్తాయన్న మాట. నాలుగో వరసలో ఉంది అసలు కబురు: బొమ్మలకి తొడిగిన దుస్తులు లాటు అరవై రెండు. ఆ లాటుని పాత బట్టల వ్యాపారి కొట్టేశాడు. కోట్లు ఆటోలోకి ఎక్కిస్తూ, "అక్కా, మీవాళ్ళకి చలేస్తే చెప్పు, కోట్లు అద్దెకిస్తా" అన్నాడు. ఆ మాటన్నందుకు చచ్చినా వాణ్ణి ఒక్క రుమాలైనా అడగకూడదని లాటక్క అక్కడే తీర్మానించుకుంది.

బొమ్మల్ని లిఫ్టులో ఇద్దరిద్దరు చొప్పున పైకి చేర్చారు. నాలుగో అంతస్తు పెద్దావిడకి చూపు ఆనదు. లిఫ్టులో ఎదురైన బొమ్మని కుశలమడిగి, జవాబు చెప్పలేదని చిన్నబుచ్చుకుంది. చేతులు కలిసిపోయాయి. ఏ చెయ్యి ఏ భుజానిదో తెలియక మాస్టారు నేల మీద బాసిపట్టు వేసుకుని, డెబ్భై ఆరు చేతులతో మధ్యాహ్నమంతా కుస్తీ పట్టాడు. తీరా చూస్తే ఒక ఆడబొమ్మకి రెండూ కుడిచేతులే మిగిలాయి. కాఫీ గొడవ అప్పుడే మొదలైంది.

అసలు దెబ్బ మర్నాడు పడింది. అన్నకొడుకు బొమ్మల ఫొటోలు తీసి పేజీలో పెట్టిన పది నిమిషాలకే వెబ్‌సైటువాళ్ళు ఆమె దుకాణం మూసేశారు. ఫొటోలు చూసేది మనిషి కాదు, యంత్రం. ఆ యంత్రానికి ప్లాస్టిక్ ఒళ్ళూ మామూలు ఒళ్ళూ ఒకటే. "అసభ్య చిత్రాలు పెట్టినందుకు" అని ఉత్తరం వచ్చింది. ఏడు రోజుల్లో ఫొటోలు సవరించకపోతే దుకాణం శాశ్వతంగా పోతుంది. దాంతో పాటు చెప్పినట్టే వచ్చిందన్న ఆ పంతొమ్మిది వందల మాటలూ పోతాయి. యాభై నాలుగేళ్ళ మనిషి, జీవితంలో మొదటిసారి ఇలాంటి మాట పడింది. మాస్టారు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు పైకి చదివాడు, రెండోసారి కాస్త ఆనందంగా.

లాటక్క దుప్పట్లు కప్పించి మళ్ళీ ఫొటోలు తీయించింది. ఈసారి "భయం గొలిపే చిత్రాలు" అంది యంత్రం. నిజం చెప్పొద్దూ, తెల్లటి దుప్పట్ల కింద ముప్పై ఎనిమిది మంది నిలబడి ఉంటే యంత్రానికే కాదు, ఇంటికొచ్చిన అన్నకొడుక్కీ గుండె జారింది.

ఇక మిగిలింది ఇంట్లో బట్టలే. మాస్టారు పనికి వెళ్ళగానే లాటక్క బీరువా ఖాళీ చేసింది. తన చీరలు, అన్నకొడుకు టీ షర్టులు, రెండో అంతస్తు ఆవిడ చీపురు పక్కన పెట్టి మరీ తెచ్చిచ్చిన నైటీలు, అన్నీ తొడిగారు. ఆఖర్న ఒక బోడితల మగబొమ్మ మిగిలితే, దండెం మీదున్న లేత నీలం చొక్కా తెచ్చి వేసింది.

ఆ చొక్కా మామూలు చొక్కా కాదు. శిష్యులకి లైసెన్సు పరీక్ష ఉన్న రోజున మాస్టారు అదే వేసుకుంటాడు. అది వేసుకుంటే వరసగా పదకొండు మంది పాసయ్యారు. పన్నెండోవాడి పరీక్ష రోజున చొక్కా ఉతుకులో ఉండిపోయింది. వాడు తిన్నగా వెళ్ళి పరీక్ష పెట్టే ఆఫీసు గేటునే గుద్దాడు. బొమ్మలకి బట్టలు తొడిగిన సాయంత్రం ఫోన్లో భార్య పేజీ తెరిచిన మాస్టారు, తన చొక్కా ఇంకొకడి ఒంటి మీద చూశాడు. తనకంటే వాడికే బాగా నప్పిందని మాత్రం అన్నాడు. ఆ మాట కోపం కంటే ఎక్కువే. ఆ రాత్రికి రాత్రే చొక్కా విప్పి తీసుకుని ఎక్కడో దాచేశాడు.

యంత్రం మాత్రం ఒప్పుకుంది. దుకాణం తెరుచుకుంది. కానీ ఒక మెలిక పెట్టారు: నెల రోజులు పరీక్ష, ఈలోగా ఒక్క ఫిర్యాదు నిలబడినా దుకాణం మూతే, మళ్ళీ తెరవరు. ప్రకటన కింద బట్టలు అమ్మకానికి కావని అన్నకొడుకు రాశాడు. దర్జీలు, కొత్తగా దుకాణాలు పెట్టేవాళ్ళు, ఒక నాటకాల బృందం కలిసి మూడు వారాల్లో ముప్పై అయిదు బొమ్మల్ని తీసుకుపోయారు. రెండు కుడిచేతుల ఆవిడ కూడా, సంగతి ముందే చెప్పినా, అమ్ముడుపోయింది. హాల్లో సోఫా బయటపడింది. మాస్టారు దాని మీద కూర్చుని కాఫీ తాగాడు, పాత స్నేహితుణ్ణి చూసినట్టు దాని చెయ్యి నిమిరాడు కూడా.

ఇరవై ఆరో రోజున ఫిర్యాదు వచ్చింది. బోడితల బొమ్మని కొన్నాయన రాశాడు. తను కొన్నది చొక్కా. నలగకుండా ఉండాలని మనిషికి తొడిగి పంపుతారనుకున్నాడు. పెట్టె విప్పితే మనిషే ఉన్నాడు, చొక్కా లేదు. తనకి బొమ్మెందుకు, తను ఒక్కడే ఉండే గదిలో అది పొద్దస్తమానం తననే చూస్తున్నట్టుందని, చొక్కా పంపితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని రాశాడు. జవాబివ్వడానికి రెండు రోజులు గడువు.

అన్నకొడుకు పడీపడీ నవ్వాడు. తర్వాత కీబోర్డు దగ్గరికి జరిగి, రెండు నిమిషాల్లో తేల్చేస్తానన్నాడు. "బట్టలు అమ్మకానికి కావని స్పష్టంగా రాశాం అత్తా. చదవకపోవడం ఆయన ఖర్మ. ఈ ముక్క పెడితే ఫిర్యాదు కొట్టేస్తారు, నీ దుకాణం చెక్కుచెదరదు."

లాటక్క కళ్ళజోడు పెట్టుకుని ప్రకటన మొదట్నుంచీ చదివింది. చివర దాకా వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ చదివింది.

"నాలుగో వరసలో రాశావు" అంది.

"ఎక్కడ రాస్తే ఏంటి, రాశాం కదా."

"జిప్పులు ముప్పై ఎనిమిదీ లాగి చూసినదాన్ని నేనే నాలుగో వరస దాకా పోలేదురా. ఆయనెందుకు పోతాడు?"

వాడు వదల్లేదు. తప్పు ఆయనదేనని, రూలు మన వైపుందని, ఇవాళ చొక్కా ఇస్తే రేపు ఇంకొకడు నైటీ అడుగుతాడని వాదించాడు. రూలు తమ వైపున్న జనాన్ని పంతొమ్మిదేళ్ళు చూశానంది ఆమె. గొడుగాయన వైపు కూడా రూలుందంది. నీలం చొక్కా చూపించి బోడిగుండు పంపిస్తే, చెప్పినట్టే వచ్చిందని ఏ మొహం పెట్టుకుని ఎవరైనా రాస్తారని అడిగింది. ఆ దుకాణంలో తను పొద్దున్నే చదువుకునేది ఆ ఒక్క ముక్కేనంది. రూలు అడ్డుపెట్టుకుని దాన్ని నిలుపుకుంటే, ఇక చదువుకోవడానికి మొహం చెల్లదంది.

అలాంటి చొక్కా ఇంకోటి కొని పంపొచ్చు కదా అన్నాడు వాడు. ఆమె అప్పటికే రెండు బజార్లు తిరిగొచ్చింది. ఆ నీలం ఇప్పుడు రావట్లేదట.

బాల్కనీలో మాస్టారు తన కారు కీలు వేలికి తిప్పుకుంటూ కిందికి చూస్తున్నాడు. రేపు ముగ్గురు శిష్యులకి పరీక్ష. చొక్కా కారు డిక్కీలో, స్టెప్నీ టైరు కింద, పాత న్యూస్‌పేపర్లో చుట్టి ఉందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తనకి తప్ప ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం.

లాటక్క కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, అన్నకొడుకు చేతిలోని ఫోను లాక్కుని పక్కన పెట్టింది.

"దొంగతనం చెయ్యొద్దు. అడిగే తేవాలి" అంది, గొంతు తగ్గించి. "నేనడిగితే ముప్పై ఏళ్ళ లెక్కలన్నీ బయటికి తీస్తారు. నువ్వడిగితే తిడతారు, అంతే. పోరా, వెళ్ళి మీ మావయ్య దగ్గర తిట్లు తిని, ఆ చొక్కా పట్టుకురా."