మా ఆడపడుచుకు నేను అంటగట్టిన మొక్కు

ఈరోజు బుధవారం. మా ఆడపడుచు, అంటే మా ఆయన చెల్లెలు, నిద్రలోనే పోయిందని కబురొచ్చి వారమైంది. పెద్దకర్మ నాడు బంధువులకు పంచే చిన్న పుస్తకంలో ఆమె భక్తి గురించి రాయమని ఇంట్లోవాళ్లు నాకు అప్పజెప్పారు. చదువుకున్న పెద్దదాన్ని, ఏదైనా ఉన్నది ఉన్నట్టు చెబుతానని వాళ్ల నమ్మకం. ఆమె భక్తి గురించి మీరు విన్న కథ నేను కల్పించింది. ఆ కథను నమ్మి ఆమె కూతురు పెద్దకర్మ మరునాడే మోకాళ్ల మీద తిరుమల మెట్లెక్కడానికి సిద్ధమైంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరు. చీర కింద కాన్వాసు బూట్లు వేసుకునేది. చంద్రగిరిలో మా పక్క వీధిలోనే ఉండేది. మా అటక మీది ఇత్తడి గిన్నెలు దించాలన్నా ఆమే రావాలి. నిచ్చెన ఎక్కుతూ "చెయ్యి కుదురుకున్న్యాకనే కాలు తియ్యల్ల వదినా" అనేది. నాకు కామెర్లొచ్చిన నెలంతా దగ్గర కూర్చుని పథ్యం పెట్టింది. నేను విసుక్కుంటే నవ్వేది. ఆమెను నేను మెచ్చుకున్న సందర్భం ఒక్కటీ గుర్తు రావడం లేదు.

రిటైరైన మరుసటేడు ఒకరోజు తెల్లవారకముందే, ఎవరికీ చెప్పకుండా, కోట వెనక కొండెక్కింది. కాలిబాట కూడా లేని చోట బండ మీంచి బండకు పాకుతూ, కొండ వెన్ను వెంబడి సాయంత్రం దాకా ఒంటరిగా నడిచింది. దీపాలు పెట్టే వేళకు మా పెరటి తలుపు తోసుకుని వచ్చింది. వేసుకున్న కూతురి పాత పంజాబీ డ్రస్సు మోకాళ్ల దగ్గర చిరిగిపోయింది. జుట్టు నిండా ఎండుటాకులు.

"యాడ సచ్చినావే పొద్దన్నుంచీ?"

"కొండకు పోయింటి."

"తిరుమలకా?"

"కాదు, మన కోట కొండకే. ఊరికే."

"ఊరికేనా! ఆడ గుడుందా, గోపురముందా? జారిపడుంటే ఎవురికి తెలుస్తాది?"

"ఎవురికీ తెలీకుండా ఒగ దినం ఉండల్లనే పోయింది వదినా. కొండెక్కేదానికి దేవుడే పిలవల్లా ఏంది? కాళ్లు పిలిస్తే సాలదా?"

అంతలో పక్కింటామె గోడ మీంచి తొంగిచూసింది. "ఏంది మా, టీచరమ్మ మోకాళ్లు అట్ల గీసుకోని పోయినాయి?"

భర్త లేని మనిషి, అరవై దాటింది, పనీపాటా లేకుండా అడవిలో తిరిగొచ్చిందని చెప్పడానికి నాకు పరువు అడ్డొచ్చింది.

"మొక్కు మా. తిరుమల దోవలో మోకాళ్ల పర్వతం మోకాళ్లతోనే ఎక్కొచ్చింది. కూతురి కడుపు పండల్లని."

"అబ్బ! మళ్లా పోతాదా?"

ఆమె ఊరుకునే రకం కాదు, మళ్లీ కొండెక్కుతుందని నాకు తెలుసు. ముందే సర్దిపెట్టాను: "మూడు తూర్లు మొక్కుకునింది. ఇది మొదటిది."

మా ఆడపడుచు నా వైపు చూసి, "నా నడకంతా స్వామికి రాసిచ్చేసినావా!" అని గుసగుసగా నవ్వింది. పెద్దదాన్ని నలుగురిలో అబద్ధాలకోరును చేయడం ఇష్టంలేక చివరిదాకా నా మాట కాదనలేదు. తరవాత గుండె జబ్బు బయటపడింది. మళ్లీ ఏ కొండా ఎక్కలేదు. మరుసటేడు కూతురికి బిడ్డ పుట్టడంతో మొక్కు నిజమని ఊరంతా నమ్మింది. మొన్న శవం దగ్గర కూర్చున్నవాళ్లు "ఎంత భక్తురాలో" అంటుంటే నేనూ తలూపాను.

పెళ్లయిన కూతురు గనక మైల మూడు రోజులతో తీరింది. ఆమధ్య జారిపడి ఎముక విరిగిన ఒక మోకాలికి ఇంకా పుత్తూరు ఆకుకట్టుంది. ఆ కాలితోనే బయలుదేరుతానంది. "రెండు తూర్లు బాకీ పడిపాయ గదత్తా. బిడ్డ నాదే, నేనే తీరుస్తా."

నిన్న మధ్యాహ్నం జరిగిందంతా ఆమెకు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కట్టు ముడి సర్దుకుంటూ, "అయితే అమ్మ ఆ పొద్దు పైన ఏం సూసిందత్తా?" అని అడిగింది.



ఇక జరగవలసినవి ఇవి.

1. కూతురు మెట్లెక్కకూడదు. మొక్కు లేదు, బాకీ లేదు. స్వామి పేరు చెప్పి అబద్ధమాడింది నేను, చెప్పుకోవలసిందీ నేనే.

2. పక్కింటామెకూ, ఆమె ద్వారా విన్నవాళ్లకూ నేనే గడప గడపకూ వెళ్లి చెప్పాలి. ఈ పుస్తకం చదివి తెలుసుకుంటారులే అని ఊరుకోను.

3. అట్ట మీద ఆమె ఫొటో కింద "పరమ భక్తురాలు" అన్న మాట తీసేయాలి.

4. పైన ఆమె ఏం చూసిందో నన్నెవరూ అడగవద్దు. ఆ సాయంత్రం కుళాయి కింద చేతులు కడుక్కుంటూ, "పైన ఏముండాదో తెల్సా వదినా" అని మొదలుపెట్టింది. "మెల్లగా! వింటారు" అన్నాను. మాట ఆపేసింది. గీసుకుపోయిన అరచేతుల మీదుగా నీళ్లు పోతూనే ఉన్నాయి. ఆమె చీకటిపడుతున్న కొండ వైపు తిరిగి, తనలో తానే నవ్వుకుంటూ నిలబడింది.