కొత్త కంకర మీద వడగళ్లు

మా మామాకు, అంటే నేను పనిచేసే అరబ్బు ఇంటి యజమానురాలికి, ఎడారిలో కబ్ద్ అనే చోట ఒక తోట ఉంది. చలికాలంలో శుక్రవారం భోజనాలు ఎక్కువగా అక్కడే జరుగుతాయి. నేను వాళ్లింట్లో వంటమనిషిని కాబట్టి ముందురోజే సరుకులతో సహా నన్ను తోటలో దింపి వెళ్తారు. అక్కడ కాపలా ఉండి చెట్లు చూసుకునే ఆయనది గోదావరి జిల్లా. వయసులో నాకంటే బాగా పెద్ద. నేను అన్నా అంటాను, ఆయన నన్ను అమ్మాయ్ అంటాడు. మాది రాయచోటి వైపు. ఇద్దరం తెలుగువాళ్లమే గానీ మొదట్లో ఆయన ఒక మాట అంటే నేను రెండోసారి అడిగేదాన్ని. నేను 'యాడుండాది' అంటే ఆయన నవ్వేవాడు. తర్వాత్తర్వాత ఆ తేడాలే మాకు కాలక్షేపమయ్యాయి.

ఆ చలికాలం మొదట్లో మామా గేటు నుంచి ఇంటి మెట్ల దాకా కంకర దారి వేయించింది. అదంతా వాళ్లమ్మ కోసం. ఆవిడను ఇంట్లో పనివాళ్లమంతా పెద్ద మామా అంటాం. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆవిడ ఇసుకలో అడుగు వేయలేకపోతోంది. కారు నేరుగా మెట్ల దగ్గరికి వస్తే దిగి లోపలికి నడవచ్చని మామా ఆలోచన. సన్న కంకర లారీల్లో తెప్పించారు. అన్న రోలర్‌తో తొక్కించి, నీళ్లు చల్లి, మళ్లీ తొక్కించాడు. చూడ్డానికి చక్కగా కుదిరింది గానీ కింద ఉన్నది ఎడారి నేల. ఇంకా గట్టిపడలేదు. పిల్లలు దాని మీద సైకిలు తొక్కితే అన్న వెనకాలే వెళ్లి, లేచిన రాళ్లను కాలితో సర్దుకుంటూ వచ్చేవాడు.

పెద్ద మామా ఆపరేషన్ తర్వాత మొదటిసారి తోటకు వస్తానన్న శుక్రవారం అది. పొద్దున్నే బియ్యం నానబోసి, మాంసానికి ఉల్లిపాయలు వేయిస్తున్నాను. ఉన్నట్టుండి వంటింట్లో దీపం వేసుకోవాల్సినంత చీకటి అయింది. గాలి లేచింది. దుమ్ము వస్తుందేమోనని కిటికీలు మూయబోతుంటే రేకుల మీద టపటపమని మొదలైంది. వాన అనుకున్నాను. చప్పుడు పెరిగి పెరిగి, పక్కన ఉన్న మనిషి మాట కూడా వినపడనంత అయింది. అన్న తలమీద ప్లాస్టిక్ తొట్టి బోర్లించుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు.

"వడగళ్లమ్మాయ్. నా ఎరికలో ఇంతలేసి ఎప్పుడూ పడలేదు" అన్నాడు ఊపిరి పీల్చుకుంటూ.

ఆగిపోయాక ఇద్దరం గుమ్మంలోకి వచ్చాం. నిమ్మ మొక్కల కింద, గొర్రెల దొడ్డి మీద, గేటు దాకా కనపడినంత మేరా తెలుపే. ఎండకు కళ్లు చికిలించుకుని చూసే చోటు అది. ఆ రోజు కళ్లు పూర్తిగా తెరుచుకుని చూశాం. కంకర దారి ఎక్కడుందో కూడా తెలియలేదు. నాకు లోపల ఏదో చిన్నపిల్లకు కలిగేలాంటి సంతోషం కలిగింది. అంతలో ఫోను మోగింది.

మామా అరబీలో గబగబా మాట్లాడింది. తాము బయల్దేరామని, అక్కడ బరద్, అదే వడగళ్లు, పడ్డాయని పక్క తోటవాళ్లు చెప్పారని, దారి మీద ఏమీ లేకుండా తీయించమని చెప్పింది. వాళ్లమ్మ జారితే ఆ మోకాలు ఇక పనికి రాదని ఆమె భయం. నేను అన్నకు చెప్పాను.

"కరిగిపోద్ది గదా" అన్నాడు ఆయన ఆకాశం వైపు చూస్తూ. మబ్బు కదలకుండా ఉంది. చలి చేతులను కొరుకుతోంది. ఇప్పట్లో కరిగేలా లేదు. కారు దాని మీదకి వస్తే చక్రాలు వడగళ్లతో పాటు కంకరను కూడా మట్టిలోకి తొక్కేస్తాయని ఆయనే మళ్లీ అన్నాడు. పార తీసుకుని మెట్ల దగ్గర మొదలుపెట్టాడు.

మొదటి పారలో వడగళ్లు కొన్ని, కంకర ఎక్కువ వచ్చాయి. తీసిన చోట తడి మట్టి బయటపడింది. ఆయన పార ఎత్తి నాకు చూపించాడు.

"సూసేవా. మంచు కంటే కంకరే ఎక్కువొచ్చేత్తంది. నేల మెత్తగా ఉండి పార దిగిపోతంది."

"అంత లోపలికి యాల పొడిచేదన్నా? పాలమీద మీగడ తీసినట్ల పైపైన తీయల్ల."

"నీ గరిటె కాదమ్మాయ్ ఇది, పార."

వేడినీళ్లు పోద్దామా అన్నాను. నీళ్లు దిగితే దారి బురదవుతుందన్నాడు. ఆకులు ఊడ్చే ఇనుప పళ్ల కర్ర తెచ్చి లాగాడు. అది రాళ్లను ఇంకా పైకి లేపింది. జేబులోంచి ఫోను తీసి చలిదేశాలవాళ్లు ఏం చేస్తారో చూశాడు. ఒకాయన ఉప్పు చల్లుతున్నాడు. ఉప్పు చల్లితే పక్కనున్న నిమ్మ మొక్కలు చస్తాయని నేనే వద్దన్నాను. ఇంకొకాయన పెద్ద యంత్రంతో తోస్తున్నాడు. అక్కడ నేల గడ్డకట్టి బండలా ఉందని చూస్తేనే తెలుస్తోంది. మన నేల అలా లేదు. అన్న ఫోను జేబులో పెట్టేశాడు.

నేను లోపలికి వెళ్లి మంట తగ్గించి, నేల కడిగాక నీళ్లు తోసే వైపర్ తెచ్చాను. పొడవాటి కర్ర, చివర వెడల్పుగా రబ్బరు. దాన్ని అదమకుండా, తేలిగ్గా వడగళ్ల మీద ఆనించి ముందుకు తోశాను. పూసలు దొర్లినట్టు దొర్లి పక్కకు పోయాయి. రాళ్లు కదల్లేదు. అడుగున పలచగా ఒక పొర మిగిలింది.

"ఆ పొర ఉండనీ" అన్నాడు అన్న. "దాన్ని కూడా తీద్దామనుకుంటే కంకర లేత్తది. అది దానంతటది పోద్ది."

వడగళ్లు మందంగా పడ్డ చోట్ల వైపర్ పనిచేయలేదు. కర్ర వంగిపోయింది. అన్న కాసేపు ఆలోచించి కొట్టంలోకి వెళ్లాడు. మొక్కలకు నీళ్లు పెట్టే పాత రబ్బరు పైపు ముక్క ఒకటి కోసి, పొడవునా చీల్చి, పార అంచుకు తొడిగి తీగతో కట్టుకుని వచ్చాడు. ఇప్పుడు పార మొన నేలలో దిగదు. గుండ్రటి పైపు రాళ్ల మీద జారుతూ పోతుంది. ఒకసారి తోసి చూసి, నా వైపు తిరిగి తల ఊపాడు.

అలా ఇద్దరం మెట్ల దగ్గర నుంచి గేటు వైపు వెళ్లాం. ఆయన నడుమ మందంగా ఉన్నది పక్కలకు తోస్తే, నేను వెనక మిగిలింది వైపర్‌తో సర్దాను. తీయని చోట కాలు పెట్టవద్దని, తొక్కితే వడగళ్లు కంకరలో కూరుకుపోతాయని ఆయన హెచ్చరించాడు. తీసిన చోటే అడుగులు వేసుకుంటూ కదిలాం. మధ్య మధ్యలో నేను వంటింట్లోకి పరిగెత్తి గిన్నె మూత తీసి చూసి వచ్చేదాన్ని. చేతులు మొద్దుబారాయి, ఒళ్లు మాత్రం వెచ్చగా ఉంది. దారికి రెండు పక్కలా మోకాలి ఎత్తు గట్టులా తెల్లటి కుప్ప పెరిగింది. వెనక్కి తిరిగి చూస్తే నల్లగా తడిసిన కంకర, ఒక్క గుంట లేకుండా పరుచుకుని ఉంది. మొదటి పార దెబ్బ పడిన చోట మాత్రం అన్న పిడికిళ్లతో కంకర తెచ్చి పోసి, పాదంతో అదిమాడు.

కారు వచ్చింది. మామానే నడుపుతోంది. గేటు దాటి మెల్లగా, మేము తీసిన దారి మీదుగా మెట్ల దాకా వచ్చి ఆగింది. మామా దిగి దారి చూసి, "జైన్, జైన్" అంది మెచ్చుకోలుగా. అన్న గెడ్డం గోక్కున్నాడు. అప్పుడు వెనక అద్దం దిగింది. పెద్ద మామా తల బయటపెట్టి కారు కింద దారి చూసి, కొంచెం కోపంగా కూతుర్ని అడిగింది.

"మనం వచ్చిన రోడ్డు పొడుగునా తెల్లగా ఉంది. మన గేటు దాటేసరికి దారి మీద ఏమీ లేదేం? ఎవరు తీసేశారు?"

మామా తెల్లబోయింది. "నువ్వు జారిపడతావనమ్మా."

"ఈ చలిలోనూ నేను ఆగకుండా వచ్చింది దాన్ని చూడ్డానికే."

అన్నకు అరబీ బాగానే వచ్చు. పెద్దావిడ మాట విని ఆయన మొహం చిన్నబోయింది. "పక్కనే ఉందమ్మా, అంతా పోగేసి పెట్టాం" అని గట్టు చూపించాడు. పెద్ద మామా అప్పుడు చూసింది. చేతికర్ర అడిగింది. కూతురి భుజం పట్టుకుని దిగి, కంకర మీద ఒక్కో అడుగు వేసుకుంటూ గట్టు దాకా నడిచింది. అన్న కుర్చీ తెచ్చి వేశాడు. ఆవిడ కూర్చుని చేయి లోపలికి దూర్చి, గుప్పెడు తీసి, కరిగి మణికట్టు మీదుగా కారేదాకా పట్టుకుంది.

తన చిన్నప్పుడు కూడా ఒకసారి ఇలా పడిందని, వాళ్లమ్మ గిన్నెలో పట్టి, మీద ఖర్జూరపు పాకం పోసి పిల్లలందరికీ పెట్టిందని చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. పాకం ఉందా అని నన్ను అడిగింది. ఉంది. మట్టి తగలనివి కావాలి కదా అని, తోటలో బల్ల మీద పడ్డ వడగళ్లను గిన్నెలో తీసి, పాకం పోసి ఇచ్చాను. గొంతు పట్టేస్తుందని మామా గొణిగింది. పెద్దావిడ వినిపించుకోలేదు. రెండు చెంచాలు తిని, ఇంకో రెండు చెంచాలు తెమ్మని, ఒకటి నాకు, ఒకటి అన్నకు ఇప్పించింది.

"ఎట్లుందన్నా?" అని నేను తెలుగులో అడిగాను.

"పళ్లు జివ్వుమంటన్నాయమ్మాయ్" అన్నాడాయన. ఏమన్నాడో చెప్పమంది పెద్ద మామా. చెప్పాను. తన పళ్లు ఇప్పుడు కట్టుడువని, అందుకే తనకు ఏమీ కాలేదని నవ్వింది.

భోజనం ఆ రోజు ఆలస్యమైంది. ఎవరూ విసుక్కోలేదు. వాళ్లు వెళ్లేటప్పటికి సన్నగా ఎండ వచ్చింది. దారి మీది పలచటి పొర పూర్తిగా పోయి కంకర ఆరుతోంది. గట్లు కరిగి కుంగిపోయి, వాటిలో అక్కడక్కడా మేము పొరపాటున తోసిన రాళ్లు తేలాయి. అన్న, నేను చెరో బకెట్టు పట్టుకుని వాటిని ఏరి దారి మీద వేశాం. తర్వాత వంటింటి మెట్ల మీద కూర్చుని, మిగిలిన అన్నం, మాంసం నా దగ్గరున్న మిరపకాయ పచ్చడితో తిన్నాం. కారం ఎక్కువైందని ఆయన అన్నాడు. అంటూనే మళ్లీ వేయించుకున్నాడు.