హాస్కిన్ కౌంటీలో ఒక్క ఓటు

అమెరికాలో ఆర్డిత్ కాపురానికొచ్చిన హాస్కిన్ కౌంటీలో మనుషుల కన్నా ఆవులెక్కువ. ఆవులకు ఓటు లేదు కాబట్టి అధ్యక్ష ఎన్నికల లెక్క తేలిక. ఏనుగు గుర్తు పార్టీకి నూటికి పైగా, గాడిద గుర్తు పార్టీకి ఒకటి. నలభై ఏళ్లుగా ఆ ఒకటి చెక్కుచెదరలేదు.

అది గొర్రెల ఎమిల్‌దేనని అందరూ తీర్మానించేశారు. కారణం, మందకు కాపలాగా అతను నిజం గాడిదను పెంచడం. నక్కల్ని తన్నడానికని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. కొన్నాళ్లకు మొత్తుకోవడం మానేశాడు. ఎన్నికల మర్నాడు హోటల్లో ఆ ఒంటరి ఓటరును పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, ఆపిల్ పై అనే తీపి రొట్టెలో మొదటి ముక్క పెట్టి, అందరూ కలిసి ఏడిపించడం అక్కడి ఆచారం. బ్రహ్మచారికి ఆ మాత్రం సందడి చేదా?

ఎమిల్ మాత్రం పాపం ఏనుగుకే వేసేవాడు. ఆ ఒక్క ఓటూ ఆర్డిత్‌ది. ఆమె మొగుడు వెండెల్ ఏనుగు పార్టీకి కౌంటీ పెద్ద. హోటల్లో ఎమిల్‌తో అందరికన్నా గట్టిగా వాదనకు దిగేది అతనే. అతని బండి మీద ఏనుగు, టోపీ మీద ఏనుగు, చివరికి వంటింట్లో ఉప్పు సీసా కూడా ఏనుగే. ఆ ఉప్పుతోనే వండిపెడుతూ, ఆవిడ నిక్షేపంగా గాడిదకు ఓటేసి వచ్చేది.

ఈ వేసవిలో ఎమిల్ పోయాడు. ఆర్డిత్ వెక్కివెక్కి ఏడ్చింది, సగం అతని కోసం, సగం తన కోసం. ఇక ఆ ఓటు పడితే గుట్టు రట్టవుతుంది. పడకపోతే నలభై ఏళ్ల పట్టు తప్పుతుంది. ఎన్నికల నాడు ఓటు కాగితం ముందు పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడింది. చెయ్యి అలవాటైన చోటికే పోయింది.

మర్నాడు హోటల్లో యజమానురాలు నెట్టీ నల్లబల్ల మీద అంకెలు రాసింది. నూట పది, ఒకటి.

"ఎమిల్ పోయాడుగా. మరి ఇదెవరిది?" అంది నెట్టీ.

"గాడిదే వచ్చి వేసుంటుందిలే. యజమాని మీద విశ్వాసం," అన్నాడు పోస్టుమాస్టరు.

ఎవరూ సరిగ్గా నవ్వలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. చూపులు తన దాకా వచ్చేసరికి ఆర్డిత్ తల దించుకుని చెంచాతో కాఫీ కలపసాగింది.

వెండెల్ టోపీ తీసి లేచాడు. "నాదే. వాడి కుర్చీ ఖాళీగా ఉంటే చూళ్లేననిపించింది."

హోటలంతా గొల్లున నవ్వింది. "పార్టీ పెద్దవయ్యుండి సిగ్గు లేదటయ్యా?" అంటూ నెట్టీ అతణ్ణి పెద్ద కుర్చీలోకి తోసింది. ఆ తీపి రొట్టె మొదటి ముక్క తినేలోపే పార్టీ పదవి ఊడింది.

ఇంటికెళ్తూ బండిలో ఆర్డిత్ అడిగింది. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదటిసారి నుంచీ."

"మరి ఆ ఎమిల్‌తో అన్నేళ్లు పోట్లాడావెందుకు?"

"నీతో పోట్లాడితే తిండెవరు పెడతారే? నువ్వు పక్కనున్నప్పుడే వాడితో వాదించేవాణ్ణి. నీకు వినపడాలని."

ఆర్డిత్ కళ్లు తుడుచుకుంది.

"వినపడింది," అంది. "ఒక్కటీ నచ్చలేదు."